పాటల పుస్తకం అడ్డుపెట్టిన సినిమా

ట్రాయ్,
మంగళవారం

సంఘ పెద్ద ఆమోసు గారికి వందనాలు.

శనివారం యూత్ మీటింగ్‌లో మా మనవరాలు క్రిస్టీ వేసిన ఆస్ట్రేలియా సినిమా గురించి రాస్తున్నాను. మేత భూముల కోసం తెల్లవాళ్లు అక్కడి ఆదివాసులను కాల్చి చంపిన కథ అది. కాల్పులు మొదలవగానే మీరు ప్రొజెక్టర్‌కు పాటల పుస్తకం అడ్డుపెట్టారు. "పిల్లలు చూసేది కాదమ్మా ఇది. పైగా అందులో పాదిరిని చెడ్డగా చూపించారు" అని సినిమా ఆపించారు. వచ్చే ఆదివారం క్రిస్టీ సంఘం ముందు క్షమాపణ చెప్పాలని కబురు పంపారు.

నేను మిషన్ బడిలో చదివి, మిషన్ బడిలోనే చరిత్ర చెప్పినదాన్ని. ఆ సినిమా ముందుగా చూసి సరేనన్నది నేనే.

మీరు బొమ్మను మూశారు గాని శబ్దం ఆగలేదు. అప్పుడు తెరమీద చంపడం చూపించడం లేదు. రెల్లుగడ్డిలో ఒక అవ్వ మనవరాలి నోరు మూసి కూర్చుంది, అంతే. పిల్లలకు తుపాకులు, ఏడుపులు మాత్రమే వినిపించాయి. "ఆ గర్ల్ చచ్చిపోయిందా అమ్మమ్మా?" అని మా మనవడు ఎవాన్ ఇంకా అడుగుతున్నాడు.

ఆ పిల్ల చావలేదు. ముసలిదయ్యాక, తాను చూసినదంతా ఆ సినిమాలో ఆమే చెబుతోంది. మన సంఘంలో ఎవరి సాక్ష్యమైనా, ఎంత పొడుగైనా, మధ్యలో ఆపము.

క్రిస్టీ క్షమాపణ చెప్పదు. ఆరాధన అయ్యాక మిగిలిన సినిమా వేయనివ్వండి. మీరూ పిల్లల మధ్య కూర్చోండి. వాళ్ల ప్రశ్నలకు నేను జవాబిస్తాను. అంతా చూస్తూ ఆ పాదిరి ఎందుకు నోరెత్తలేదని అడిగితే మాత్రం, మీరే చెప్పాలి.

ఇట్లు,
క్రిస్టీ అమ్మమ్మ