నేను గదిలోకి వెళ్ళినప్పుడు

వదినగారికి,

అమ్మకెలా ఉందని ఫోనులో మీరు అడిగినప్పుడు అత్తయ్య పక్కనే ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం. క్యాన్సరు వెన్నులోకి పాకినా, నొప్పి ఎంతుందని అడిగితే ఆవిడ "పర్లేదు" అనే అంటారు. గుండె వేగాన్ని బట్టి అంచనా వేద్దామని డాక్టరుగారు ఆవిడ మణికట్టుకు అది కొలిచే పట్టీ కట్టారు. అందులో అంకె పెరిగినప్పుడల్లా ఏం జరిగిందో నన్ను ఒక పుస్తకంలో రాయమన్నారు.

వారం రోజులు చూశాను. నేను గదిలోకి అడుగు పెట్టగానే అంకె ఎనభై నుంచి నూట పదికి పోతోంది. ఆ మాట మాత్రం పుస్తకంలో రాయలేకపోయాను.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "నేనంటే అంత కష్టంగా ఉందా అత్తయ్యా?"

"నువ్వు కాదే. నువ్వొస్తే నన్ను పక్కకి తిప్పుతావు. తిప్పకపోతే పుళ్ళు పడతాయి, నాకూ తెలుసు. కానీ నీ అడుగుల చప్పుడు వింటేనే ప్రాణం పోతుంది," అన్నారు.

డాక్టరుగారికి అంతా చెప్పాను. తిప్పే ముందు వేయమని మందిచ్చారు. దాంతో నొప్పి తగ్గిందని అత్తయ్యే అన్నారు. అయినా నన్ను చూస్తే అంకె ఎగురుతూనే ఉంది. తిప్పకుండా ఊరికే వెళ్ళి కూర్చున్నా అంతే.

ఒక్క వారం వచ్చి ఉండండి వదినగారూ. తిప్పే పని నేనే చేస్తాను. మీరు మాత్రం ఆవిణ్ణి తిప్పకండి, ఊరికే పక్కన కూర్చోండి.

నాలుగైంది. తిప్పే వేళ, వెళ్ళాలి.

మీ మరదలు