సాయంత్రం షిఫ్టు గీతలు

ప్రియమైన చెల్లికి,

రెండోవైపు మాట వినకుండా తీర్పు చెప్పొచ్చా? నువ్వే చెప్పు. కుట్టుపని వదిలి మన డిజిటల్ ప్రెస్సులో చేరిన ఆ అక్కను తీసేస్తావని కాగితం బండి డ్రైవరు చెప్పాడు. ఇద్దరికీ పని నేర్పి, పొద్దుటి షిఫ్టు ఆ వాగుడుకాయ కుర్రాడికి, సాయంత్రం షిఫ్టు ఆమెకు అప్పగించి సువార్త పనికి వచ్చినవాణ్ణి నేను. కుట్టుమిషను అమ్మేసి మరీ వచ్చిన మనిషి ఆమె. తీసేస్తే ఎక్కడికి పోతుంది? దేవుని వాక్యం ఎదురుగా పెట్టుకుని అడుగుతున్నా, ఆమె తప్పేమిటి? దాచకుండా రాయి.

నీ అన్న

ప్రియమైన అన్నయ్యకు,

నీ ప్రసంగం చదివాను. బల్ల మీది కాగితాలు మాత్రం మారలేదు. వాగుడుకాయ తీసిన మందుల కరపత్రాలు అద్దంలా ఉన్నాయి. ఆమె తీసినవాటి మీద నిలువునా బూడిదరంగు గీతలు. ఒక గీత మోతాదు అంకె మీదుగానే పోయింది. మందుల కంపెనీవాళ్లు కట్ట మొత్తం తిప్పి పంపారు.

ఆమెను అడిగాను. "నేనొచ్చేసరికే గీతలుంటున్నాయమ్మా" అంది.

"మరి పొద్దున అతనికి రావేం?"

పక్కనే ఉన్న వాగుడుకాయ, "అక్క చెయ్యి తగిలితే యంత్రానికే కన్నీళ్లొస్తున్నాయండీ" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

నీ చెల్లి

ప్రియమైన అన్నయ్యకు,

నీ జవాబు అందలేదు. ఆమె భర్తకు జ్వరమని నిన్నా ఇవాళా సెలవు పెట్టింది. నిన్న వాగుడుకాయ వెళ్లాక యంత్రం స్విచ్చి నేనే ఆపాను. ఈ పొద్దున అతని కాగితాల మీద కూడా గీతలు కనిపించాయి. చెమ్మ వల్ల అంటున్నాడు. అయి ఉండొచ్చు. రేపు సాయంత్రం ఆమె రాగానే మానెయ్యమని చెప్పేస్తాను.

నీ చెల్లి

ప్రియమైన చెల్లికి,

ఊరూరా తిరిగి సువార్త చెబుతూ ఉండిపోయాను, నీ రెండు ఉత్తరాలూ ఇప్పుడే కలిపి చదివాను. చెమ్మ కాదు తల్లీ. అచ్చువేసే డ్రమ్ము పక్కనుండే సన్న తీగ మీద టోనరు దుమ్ము, అదే సిరాపొడి, పేరుకుంటే కాగితం మీద గీత పడుతుంది. "యంత్రం ఆపేముందు తీగ తుడవండి" అని ఇద్దరికీ నేర్పాను. పొద్దుటివాడు యంత్రం ఆపడు, నడుస్తుండగానే ఆమెకు అప్పజెప్పి పోతాడు. ఆపడు కనుక తుడవడు. నా మాటలో అక్షరం పట్టుకుని సారం వదిలేశాడు. అతని దుమ్ము ఆమె కాగితం మీద గీత అవుతోంది. రాత్రి ఆమె యంత్రం ఆపేముందు తుడిచి వెళ్తే, ఆ శుభ్రం పొద్దున అతనికి మెప్పవుతోంది. మొన్న నువ్వు స్విచ్చి ఆపావే గాని తుడవలేదు. అందుకే గీతలు అతని నెత్తినా పడ్డాయి.

ఈ ఉత్తరం తెచ్చే డ్రైవరు ఆమె కంటే ముందే నీ గుమ్మంలో ఉంటాడు. చదివి మడత పెట్టకు. లే. వాగుడుకాయను గడప దాటనివ్వకు. యంత్రం ఆపించు, పొడిగుడ్డ చేతికివ్వు, నీ కళ్లెదుట తీగ తుడిపించు. ఆమె రాగానే మొదటి కాగితం తీయించి వెలుగులో పట్టి చూడు. ఆ తర్వాతే నోరు విప్పు. తుడిపించడం రేపటికి వాయిదా వెయ్యకు, ఈ రోజే, ఆమె మెట్లెక్కేలోపే.

నీ అన్న