గుండెలో రంధ్రం దాచినందుకు సంజాయిషీ

రవాణా సంస్థ ముఖ్య వైద్యాధికారి గారికి,

అయ్యా,

విషయం: పుట్టుకతో వచ్చిన రంధ్రమును ఉద్యోగంలో చేరునాడు దాచితినన్న అభియోగము – పెద్దాసుపత్రికి సిఫారసు లేఖ ఇప్పించుట గురించి.

1. నేను ముప్పైమూడేళ్ల వయసు గల బస్సు డ్రైవరును. గత నెల ఉదయం బస్సు తీయబోతుండగా గేరు మీది చెయ్యి జారిపోయి, మాట ముద్దయినది. డిపో మేనేజరు గారు కిటికీలోంచే రోగం తేల్చేశారు: "పొద్దున్నే తాగొచ్చాడు, దింపండి!"

2. తాగుడు పట్టే ఊపిరి యంత్రం సున్నా చూపినది. యంత్రం చెడిపోయినదని రాసుకుని నన్ను సస్పెండు చేశారు. డిపో డాక్టరు గారు "ఈ వయసులో పక్షవాతమేంటయ్యా? పడుకుంటే దిగిపోద్ది" అన్నారు. మా కండక్టరు "ఎక్కితే కదా సార్ దిగడానికి" అని నన్ను ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పోయాడు. అందువల్లనే ఈ అర్జీ రాయగలుగుతున్నాను.

3. అక్కడ చేతి నరంలోకి బుడగల నీళ్లు ఎక్కించి, గుండెను స్కానులో చూశారు. తల్లి కడుపులో ప్రతి బిడ్డకూ గుండె గదుల మధ్య ఒక దారి ఉంటుందట. పుట్టాక చాలామందికి మూసుకుంటుంది, నాకు మూసుకోలేదు. మూసుకోనివాళ్లలోనూ ఎక్కువమందికి దానివల్ల హాని లేదట. నాకు మాత్రం రక్తపు గడ్డ అందులోంచి దూరి మెదడుకు చేరి ఉంటుందని, వేరే కారణం కనపడలేదని, మూయించడం మంచిదని రాసిచ్చారు.

4. ఆ కాగితం చూశాక మేనేజరు గారు తాగుడు అభియోగం కొట్టేసి, రంధ్రం దాచిన అభియోగం పెట్టారు. సస్పెన్షన్ మాత్రం పాతదే. విచారణ తేలేవరకు, సంస్థ ఖర్చుతో రంధ్రం మూయించుకునేందుకు కావలసిన సిఫారసు లేఖ లేదట.

5. నా సంజాయిషీ: దాచిన మాట వాస్తవమే. ఎముకల వెనక దాచితిని. చేరిననాడు డిపో డాక్టరు గారు ఫోను మాట్లాడుతూ, చొక్కాల మీదనే గొట్టం ఆనించి, టీ చల్లారేలోపు ముప్పైమందికి "గుండె భేషుగ్గా ఉన్నది" అని రాశారు. అంతటి మేధావిని మోసగించినందుకు సిగ్గుపడుచున్నాను. కావలెనన్న మా అమ్మను సాక్షిగా తేగలను. నేరం మొదలైనప్పుడు నేను ఆమె కడుపులోనే ఉంటిని.

కావున తాము దీనిని చిత్తగించి, లేఖపై సంతకం పెట్టు శ్రమకు ఓర్చుకొనవలెను.

తమ విధేయుడు,
సస్పెన్షన్‌లో ఉన్న డ్రైవరు

తా.క.: అయ్యా, ఇంతసేపూ వెటకారం ఆడాను. నిజం చెప్తున్నా, భయంగా ఉంది. దగ్గితే ఇంకో గడ్డ దూరుతుందేమోనని, దగ్గొచ్చినా ఆపుకుంటున్నా. మా ఆవిడ పొద్దున లేవగానే "ఏదైనా మాట్లాడండి" అంటుంది, మాట ముద్దయిందేమోనని. ముందు రంధ్రం మూయించండి. ఉద్యోగం ఆ తర్వాత తీసేయండి, నేనే వచ్చి సంతకం పెట్టి పోతాను.