పిల్ల నోరు నొక్కే హక్కు ఎవరిచ్చారు?

బావా,

ఇక్కడ నేనూ మన పిల్లా కులాసా. ఓడలో తిరిగేవాడివి నువ్వు, క్షేమం రాయాల్సిందీ నువ్వే. దగ్గు తగ్గిందో లేదో ఈసారైనా దాచకుండా రాయి.

"కంపెనీవాళ్ళతో గొడవెందుకు, కొత్తది తీసుకుందాం" అని రాశావు. ఎందుకా? మాటరాని పిల్ల ఇన్నాళ్ళూ ఆ మెషీన్ మీద బొమ్మలు నొక్కితే, అది పలికితేనే కదా మనతో మాట్లాడింది! ఏ బొమ్మ ఎక్కడుందో దాని వేళ్ళకి తెలుసు. పాత మోడల్‌కి ఇక సర్వీసు లేదు, త్వరలో ఆగిపోతుందని కంపెనీ చెప్పేసింది. కొత్తదాంట్లో బొమ్మలన్నీ తారుమారు. పిల్ల మళ్ళీ మొదటినుంచి మాటలు నేర్చుకోవాలా? నా కంఠంలో ప్రాణం ఉండగా ఒప్పుకోను.

అందుకే పాతదాన్నే నడిపించుకుందామని, ఎవరైనా వాడుకోమని సోర్స్ కోడ్‌తో సహా బయటపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి దించాను. అంత కోడ్‌ని కంపైల్ చేసుకునే, అంటే తనకి అర్థమయ్యే భాషలోకి మార్చుకునే సత్తువ ఆ బుల్లి మెషీన్‌కి లేదు. నా కంప్యూటర్‌లో, దాని ప్రాసెసర్‌కి సరిపడేలా తయారుచేసి, తీసుకెళ్ళి దాంట్లో ఎక్కించాలి. వంట మనింట్లో, వడ్డన పక్కింట్లో అన్నమాట. మీ అక్క ఫోన్ చేసి "నీకెందుకమ్మా ఈ తలనొప్పి" అంది. నొప్పి నా తలకే కదా వదినా అన్నాను.

ఇక, తిడతావని ఇంతసేపూ నాన్చిన సంగతి. మెషీన్‌లో పాత సిస్టమ్ చెరిపేశాను. కాపీ నా కంప్యూటర్‌లో ఉందని ధీమా. తీరా చూస్తే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోల్డర్ పేరివ్వడం మర్చిపోయి, మెషీన్ కోసం చేసిన ఫైళ్ళన్నీ నా కంప్యూటర్ సొంత ఫైళ్ళ మీదే ఎక్కించాను. అది అక్కడే చతికిలబడింది. బాగుచేయబోయి కాపీతో సహా డిస్కంతా తుడిచిపెట్టాను. పిల్ల నల్లటి తెరనే నొక్కుతూ నా ముఖంలోకి చూసింది బావా. నా గుండె చెరువైపోయింది. అయినా ఆపలేదు. ఆఫీసులో అడిగి ఇంకో కంప్యూటర్ తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

నిన్న తెర వెలిగింది. బొమ్మలు ముందే విడిగా పెన్‌డ్రైవ్‌లో దాచాను కాబట్టి ఎక్కడివక్కడే వచ్చాయి. మధ్యాహ్నం కంపెనీ మనిషి కొత్తది పట్టుకుని దిగబడ్డాడు. "పాతది ఇచ్చేయండి మేడమ్, అదింక పలకదు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పిల్ల మెషీన్ ఒళ్ళోకి లాక్కుని, అతనివైపే చూస్తూ నొక్కింది.

"నాది. ఇవ్వను. వెళ్ళు."

పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదని నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇట్లు,
ఎవరికీ తగ్గని నీ మరదలు