చెవి అందనివాడి పుట్టినరోజు

రైల్వే క్వార్టర్లు,
బెజవాడ,
మంగళవారం సాయంత్రం.

ప్రియమైన అమ్మకి,

నీ కూతురు సువార్త వందనాలు చేసి రాస్తున్నది. ఇక్కడ నేనూ, రత్నం అత్తా, మావయ్యా, జెస్సీ అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నాన్నా, నాయనమ్మా బాగున్నారని నాన్న కార్డుల వల్ల తెలుస్తోంది. ఇప్పటికి మూడు కార్డులు వచ్చాయి. మూడింట్లోనూ ఒకే మాట. "మేము క్షేమం. అమ్మ క్షేమం. బాగా చదువుకో." రెండోది వచ్చినప్పుడు పాతదే మళ్ళీ ఇచ్చారేమోనని పోస్ట్‌మాన్‌ని అడిగాను కూడా. ఆయన నావంక అదోలా చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఈ ఉత్తరం మాత్రం నాన్న చేత చదివించుకోకమ్మా. అందుకే అక్షరాలు ఇంత లావున రాస్తున్నాను. బైబిలు చదువుకునేటప్పుడు పెట్టుకున్నట్టే వేలు పెట్టుకుని నువ్వే చదువుకో. రోజుకో కాగితం చదివినా సరే. నోటుబుక్కులోంచి కాగితాలు చింపానని కోప్పడకు, అది లెక్కల నోటుబుక్కు, దానికి ఎటూ నావల్ల ఉపయోగం లేదు.

నా గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. కుళాయి తెల్లవారుజామున అయిదింటికి వచ్చి ఆరింటికల్లా పోతుంది. ఆ గంటలో క్వార్టర్లలోని ఆడవాళ్ళందరూ బిందెలతో యుద్ధం చేస్తారు. నేను బాగా నేర్చుకున్నాను. మోచెయ్యి ముందుకి పెట్టి, మొహం మాత్రం చాలా మర్యాదగా పెట్టి, "కొంచెం జరుగుతారాండీ" అంటూ దూరిపోవాలి. మొన్నొకరోజు మావయ్య బారేజీ దగ్గరికి తీసుకెళ్ళి, మన కాలవకి నీళ్ళు ఇక్కణ్ణించే వదులుతారని చూపించాడు. నువ్వు మన రేవులో బట్టలు ఉతికే నీళ్ళు అవేనట. నేను చాలాసేపు చూశాను. మావయ్యకి విసుగొచ్చి టీ తాగడానికి వెళ్ళాడు.

ఎమర్జెన్సీ వచ్చాక బళ్ళన్నీ టైముకి నడుస్తున్నాయని మావయ్యకి ఒకటే సంబరం. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా అలమారలో గిన్నెలు గలగలమంటాయి. మొదట్లో నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు గిన్నెలు చప్పుడు చెయ్యకపోతే లేచి కూర్చుంటున్నాను. అత్త కూర చెంచాతో వడ్డిస్తుంది. మంచిదే అనుకో, కానీ చెంచాతో. కుదిరితే ఎవరన్నా ఇటు వచ్చేటప్పుడు కాస్త గోంగూర పచ్చడి పంపించు. నా ఆకుపచ్చ ఓణీ కూడా పెట్టెలో అడుగున ఉంటుంది, చూడు.

ఇక అసలు సంగతి. శనివారం నా పుట్టినరోజు అయింది. నీకు గుర్తుండే ఉంటుంది. పదిహేను నిండాయి.

ఇక్కడ బళ్ళో చేరినప్పుడే నాకు ఒక పుట్టినరోజు అయిపోయింది తెలుసా. టీచరుగారు రిజిస్టరులో మా వివరాలు ఎక్కించుకుంటూ నా సర్టిఫికెట్ చూసి, "జూన్ ఒకటా? నువ్వూనా?" అన్నారు. తీరా చూస్తే పల్లెటూళ్ళ నించి వచ్చిన సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. ఆ ఒక్కరోజూ మన జిల్లాలో మంత్రసానులు అన్నం కూడా తిని ఉండరు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వేశాక, నువ్వు మమ్మల్ని బళ్ళో చేర్చిన రోజు గుర్తొచ్చింది.

నీ రెండు చేతులకీ మేమిద్దరం. నీకు ఇటువైపు నేను, అటువైపు వరం. పెద్ద మేస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని, కుడిచెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు. చెవి అందితే అయిదేళ్ళు నిండినట్టు, అందకపోతే నిండనట్టు. నాకు ఠక్కున అందింది. వరానికి అందలేదు. పాపం మెడ వంచాడు, భుజం ఎత్తాడు, చెవినే చేతి దగ్గరికి తెచ్చుకోవాలని చూశాడు. మునివేళ్ళు జుట్టు దగ్గరే ఆగిపోయాయి.

"కవలలండీ మేస్టారండీ. వీడు పుట్టిన పావుగంటకి ఇది పుట్టింది. తేదీ బైబిలు అట్ట మీద రాసుకున్నాను కూడా," అన్నావు నువ్వు.

"చెవి అందలేదు కదమ్మా. నన్నేం చెయ్యమంటావు?" అన్నారు ఆయన.

నాకు జూన్ ఒకటి రాశారు. వాడికి ఆ తర్వాత వచ్చిన జనవరి ఒకటి రాశారు. అయినా వాణ్ణీ నా పక్కనే కూర్చోబెట్టారు, ఎందుకంటే వాణ్ణి వెనక్కి పంపేస్తారేమోనని నేను బడి ఎగిరిపోయేలా ఏడ్చాను. ఇంటికొస్తూ దారంతా నువ్వు నవ్వుతూనే ఉన్నావు. "ఏడు నెలల తేడాతో ఇద్దర్ని కన్నదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నేనే" అన్నావు. ఎదురొచ్చిన వాళ్ళందరికీ ఆపి చెప్పావు. నువ్వు అంత నవ్వడం నాకు బాగా గుర్తు.

వాడికి మాత్రం అది జీవితాంతం మిగిలిన అవమానం. ఆ పావుగంట పెద్దరికం పట్టుకుని నా చేత అన్నయ్యా అని పిలిపించుకోవాలని ఎన్ని వేషాలు వేశాడు! నేను పిలిచేదాన్ని కాదు. "రిజిస్టరు తెచ్చి చూపించు, అప్పుడు పిలుస్తా" అనేదాన్ని. పందెం కట్టి కూడా ఒక్కసారీ పిలవలేదు.

శనివారం సాయంత్రం అత్త బేకరీ నించి కేకు తెచ్చింది. దాని మీద పదిహేను కొవ్వొత్తులు పెట్టింది. కేకు చిన్నది, కొవ్వొత్తులు ఎక్కువ. చూడటానికి కేకులా లేదు, అంటుకున్న గడ్డివాములా ఉంది. వాటిని ఉఫ్ మని ఊదెయ్యాలిట. ఇంట్లో నువ్వు దీపాన్ని నోటితో ఊదితే చెయ్యి విరగ్గొడతాననేదానివి, ఇక్కడ ఊదితే చప్పట్లు కొడతారు. ఊదు ఊదు అని అందరూ అంటున్నారు, నాకేమో ఊపిరి రావడం లేదు. ఎప్పుడూ వాడే కదా ముందు. నువ్వు పాయసం గిన్నె ముందు వాడికి ఇచ్చి, తర్వాత నాకు ఇచ్చేదానివి. ముందు ఎవరికో ఇస్తేగానీ నా వంతు వచ్చినట్టు నాకు తెలియదు. ఈలోపు జెస్సీకి ఓపిక నశించి అన్నీ అదే ఊదేసింది. దానికి ఏడేళ్ళు. అత్త దాని వీపు మీద ఒకటి వేసింది. నేను మాత్రం బతికిపోయాననుకున్నాను.

అది కాదు నేను చెప్పాలనుకున్నది. ఆదివారం జరిగింది చెప్పాలి. నువ్వు కోప్పడతావేమో, అయినా చెప్పేస్తాను.

ఇక్కడి గుళ్ళో కూడా ఆ వారం పుట్టినరోజు అయినవాళ్ళని ముందుకి పిలిచి ప్రార్థన చేస్తారు. అత్త నా చేతిలో కానుక పెట్టి పంపింది. అయ్యగారు ఈ మధ్యే వచ్చారు, ఆయనకి మన సంగతులేం తెలియవు. "ఎన్నేళ్ళు నిండాయమ్మా?" అని అడిగారు.

"మాకు పదిహేనండి," అన్నాను.

నోటికి అలా అలవాటు అమ్మా. పుట్టినప్పటినించీ మన గుళ్ళో ఇద్దరం కలిసే వెళ్ళాం, కలిసే చెప్పాం. నేను ఎడమవైపుకి తిరిగి కూడా చూశానుట, అత్త చెప్పింది.

"మాకు అంటే ఇంకెవరమ్మా?" అన్నారు అయ్యగారు నవ్వుతూ.

"మా అన్నయ్యండి. రాలేదండి."

"పేరేంటి?"

"కృపావరం అండి."

అంతే, ఆయన నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. నా కోసం చేసిన ప్రార్థన నాకు సరిగ్గా వినపడనే లేదు. తర్వాత గొంతు పెంచి, "ప్రభువా, దూరాన ఉన్న నీ బిడ్డ కృపావరాన్ని కాపాడు తండ్రీ. వాడికి మంచి ఆరోగ్యం ఇయ్యి. నిండు నూరేళ్ళ ఆయుష్షు ఇయ్యి. వచ్చే ఏడు చెల్లెలితో కలిసి నీ సన్నిధిలో నిలబెట్టు" అన్నారు. గుడి గుడంతా ఆమెన్ అంది. నేనూ ఆమెన్ అన్నాను. ఏమనమంటావు మరి?

వెళ్ళి కూర్చోగానే పక్కనున్న ముసలామె నా చేతిలో రెండు నారింజ బిళ్ళలు పెట్టి, "ఒకటి మీ అన్నకి దాచమ్మా" అంది. రెండూ నేనే తినేశాను. ఇన్నేళ్ళూ నా వాటాలో సగం లాక్కున్నాడుగా.

రిక్షాలో కూర్చోగానే అత్త నావైపు తిరిగింది. "దేవుడి గుళ్ళో అంత అబద్ధం ఎట్లా ఆడావే? నోరెట్లా వచ్చిందే నీకు?" అంది.

"రాలేదన్నాను అత్తా. రాలేదుగా," అన్నాను.

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికి వెళ్ళేదాకా ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం. కానీ అమ్మా, నిజం చెప్పనా? అయ్యగారు వాడి పేరు పలికినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. తొమ్మిది నెలలయింది, వాడి పేరు ఎవరైనా పైకి అనగా విని. మన ఇంట్లో ఎవరూ అనరు. నువ్వు అనవు కాబట్టి నాన్న అనడు, నాన్న అనడు కాబట్టి నాయనమ్మ అనదు. నేను పొలం గట్టు మీద ఒక్కదాన్నే వెళ్ళి ఒకటి రెండుసార్లు అన్నాను. అక్కడ అంటే ఏముంది.

నేను బడికి వెళ్ళే దారిలోనే ఆ ఆసుపత్రి ఉంది. నువ్వూ నాన్నా వాణ్ణి తెచ్చింది అక్కడికేనని మావయ్య చెప్పలేదు, నేనే కనుక్కున్నాను. రోజూ రోడ్డుకి ఇవతల పక్క నించే వెళుతున్నాను. ఆ రోజు ఉయ్యూరులో బస్సు ఎక్కేటప్పుడు, అంత జ్వరంలోనూ వాడు కిటికీలోంచి, "నాలుగు రోజుల్లో వచ్చేస్తా, నా సైకిలు ముట్టుకున్నావంటే చంపుతా" అన్నాడు. సరిగ్గా నాలుగో రోజునే తీసుకొచ్చారు. పెట్టెలో వాడి చేతులు గుండెల మీద పెట్టినప్పుడు చూశాను, ఎంత పొడుగు చేతులో. ఎప్పుడు అంత పెరిగాయో నేను గమనించనే లేదు. రెండు చెవులూ అందేవి. వాడి సైకిలు నేను ముట్టుకోలేదు. గొలుసు తుప్పు పట్టకుండా నూనె వెయ్యమని నాన్నకి చెప్పు, దాన్ని ఎవరికీ అమ్మెయ్యొద్దని కూడా చెప్పు.

ఇంకో సంగతి. పెద్ద మేస్టారు రాసిన తప్పు ఇప్పుడు నిజమైపోయింది అమ్మా. నాకు పదిహేను, వాడికి పద్నాలుగే. వచ్చే ఏడు నాకు పదహారు, వాడికి పద్నాలుగే. నేనే పెద్దదాన్నని ఇన్నేళ్ళు పోట్లాడాను. ఇప్పుడు గెలిచాను, నాకు వద్దు. ఆదివారం గుళ్ళో అంతమంది ముందు నేను వాణ్ణి అన్నయ్య అన్నాను. వాడు వినలేదు.

ఇక ఇది రాయకపోతే ఈ ఉత్తరం ఎందుకూ. నన్ను ఇక్కడికి పంపింది చదువు కోసమని నాన్న చెప్పాడు. నేనూ సరే అన్నాను. కానీ ముందురోజు పొయ్యి దగ్గర నువ్వు నాన్నతో, "దాని మొహం చూళ్ళేకపోతున్నానండీ. చూసినప్పుడల్లా వాడే. కొన్నాళ్ళు ఎక్కడికన్నా పంపెయ్యండి" అన్నావు. నేను వెనక వసారాలో బియ్యం చెరుగుతున్నాను. విన్నాను. నీ మీద కోపం లేదు. ఒట్టు, లేదు. మొదట్లో ఉండేది. నాకు వాడి ముక్కూ, వాడి కనుబొమ్మలూ ఉన్నాయి, నేనేం చెయ్యను? నాకూ అద్దంలో వాడే కనిపిస్తాడు. మొదట్లో జడ వేసుకోవడానికి కూడా అద్దం చూసేదాన్ని కాదు.

కానీ శనివారం పొద్దున తలంటు పోసుకుని అద్దంలో చూసుకుంటే ఒకటి తెలిసింది. నా మొహం మారుతోంది అమ్మా. బుగ్గలు నిండాయి. గడ్డం దగ్గర నీ పోలిక వస్తోందని అత్త కూడా అంది. వాడు ఇక మారడు, నేను మారుతూనే ఉంటాను. ఇంకో రెండేళ్ళు పోతే నన్ను చూసి ఎవరూ వాణ్ణి గుర్తుపట్టరు. వాడికి ఒక ఫోటో అయినా తియ్యలేదు మనం. ఇప్పటికి ఆ మొహం నా దగ్గరే ఉంది. ఎంతోకాలం ఉండదు. దసరా సెలవలకి పిలిపించుకుంటే ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది, చూసుకోవచ్చు. ఏడుపొస్తే ఏడువు. నేను ఏమీ అనను, పక్కనే కూర్చుంటాను.

పిలిపించుకోవాలనిపిస్తే నాన్న రాసే కార్డులో అడుగున నీ చేత్తో ఒక్క మాట రాయి. పెద్దగా ఏమీ అక్కర్లేదు. వాడి పేరు రాయి చాలు. నేను బస్సెక్కేస్తాను.

నాన్నకీ నాయనమ్మకీ నా వందనాలు చెప్పు. నాయనమ్మ మోకాళ్ళకి మావయ్య ఏదో తైలం పంపుతానన్నాడు. మన అయ్యగారిని నా చదువు కోసం ప్రార్థన చెయ్యమను. నువ్వు వేళకి అన్నం తిను. నీ దీవెన కోసం ఇక్కడ తల వంచుకుని ఉన్నాననుకో.

ఇట్లు,
పావుగంట వెనక పుట్టిన నీ కూతురు,
సువార్త