తొమ్మిది గంటల నలభై నిమిషాలు

అక్కకు తమ్ముడి నమస్కారాలు. బావకు కూడా చెప్పు. ఇక్కడ పిల్లలూ మేమూ క్షేమం. క్షేమమని రాశానే గానీ, నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

"తొమ్మిది గంటల నలభై నిమిషాల ప్రయాణానికి నాలుగు నెలలా?" అని అడిగావు. ఆ లెక్క నీకు చెప్పింది నేనే, నా నోరు పడిపోను! టికెట్ల ఆఫీసులో రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే చాలు, నా కంప్యూటర్ వాటి మధ్య దూరం ఏడువేల ఎనిమిది వందల కిలోమీటర్లనీ, ఇన్ని గంటలనీ చూపిస్తుంది. అది గీత గీసినట్టు తిన్నగా ఎగిరితే పట్టే సమయం. అలా ఎగిరే విమానం ఒక్కటీ లేదు. మధ్యలో దిగాలి, ఆరు గంటలు పడిగాపులు కాయాలి, మళ్లీ ఎక్కాలి. నీ గడప తొక్కేసరికి ఇరవై గంటలు. ఈ ముక్క కౌంటరు దగ్గర రోజూ చెప్పలేక చస్తున్నాను. నిన్న ఒక పెద్దాయన టికెట్ మీద పదింటికి ఎక్కి రెండింటికి దిగడం చూసి, నాలుగు గంటలే కదా, భోజనం వద్దన్నాడు. అక్కడి టైము వేరు తాతా అంటే, తన గడియారం సరిగ్గానే ఉందని పోట్లాటకు దిగాడు.

సెలవు సంగతి అడిగావు. సెలవు ఎప్పుడో ఇచ్చారు. నీ గుండె ఆపరేషన్ ఇక ఆపకూడదని డాక్టరు అన్నా, తమ్ముడు వచ్చేదాకా సంతకం పెట్టనని నువ్వు భీష్మించుకు కూర్చున్నావని బావ రాశాడు. అది చదివాక దాచలేను.

పోయిన నెల బయల్దేరాను. పన్నెండేళ్లుగా ఊరందరికీ టికెట్లు అమ్ముతున్న నేను విమానం ఎక్కడం అదే మొదలు. మొదటిది గంటా ఇరవై నిమిషాలే. దిగేసరికి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. రెండోది సముద్రం మీద పది గంటలు. ఆరు గంటలూ దాని గేటు ముందే కూర్చున్నాను. మైకులో నా పేరు మూడుసార్లు పిలిచారు. లేవలేకపోయాను అక్కా. చేతిపెట్టె పట్టుకుని రైల్లో ఇంటికొచ్చి, విమానం రద్దయిందని నీకు రాశాను.

మొన్న నీ మరదలికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మీకు భయమైతే భయమని చెప్పాలి. వదిన ఆపరేషన్ ఎందుకు ఆపారు?" అంది. మర్నాడు నా కౌంటరు ముందు అందరితో పాటు వరుసలో నిలబడి, తన పేరున టికెట్ తీసుకుంది. ఈ ఉత్తరం తనే నీ చేతికిస్తుంది. నీకు నయమయ్యేదాకా అక్కడే ఉంటుంది. పిల్లల్ని నేను చూసుకుంటాను.

నేను రాను. వస్తానని ఇంకోసారి రాయడానికి సిగ్గేస్తోంది. నీ తమ్ముడు పిరికివాడు. వాడి కోసం నీ ప్రాణం మీదికి తెచ్చుకోకు. ఇది చదవడం అవగానే సంతకం పెట్టు.

ఇట్లు,
నువ్వు ఎత్తుకుని పెంచిన
తమ్ముడు