దారిలో ఉన్నాడు

మొంజీ అన్నా,

మా అమ్మాయి శైమాను వంతెన అవతలి ఫుట్‌బాల్ క్లబ్బులో చేర్చానని మీకు కోపం వచ్చిందట. అక్కడ పచ్చగడ్డి మైదానం ఉందని, బస్సు వస్తుందని అందరికీ చెప్పుకొచ్చాను. అసలు కారణం అది కాదు.

మీ మైదానం మా బాల్కనీ కిందే. ఆట మొదలయ్యే ముందు మీరు పేర్లు పిలుస్తారు. రానివాడి తరఫున "దారిలో ఉన్నాడు కోచ్" అని పక్కవాడు పలకడం మీ పిల్లల అలవాటు. మీ దగ్గర ఆడిన మా అబ్బాయి వాయిల్ బిజెర్త్ రేవులో దొంగచాటుగా ఇటలీ పడవెక్కి మూడేళ్లయింది. పడవ ఒడ్డు చేరలేదు, వాడూ దొరకలేదు. మీరింకా వాడి పేరు పిలుస్తున్నారు, పిల్లలింకా అదే జవాబు చెబుతున్నారు. ఆ జవాబు శైమా నోట వినలేననుకున్నాను.

నిన్న వానకి నలుగురే వచ్చారు, అందరూ కొత్తవాళ్లే. వాడి పేరుకు ఎవరూ పలకలేదు. మీరు రెండోసారి పిలిచారు. "దారిలో ఉన్నాడు కోచ్" అని బాల్కనీలోంచి నేనే అన్నాను. మీరు తలెత్తకుండానే తర్వాతి పేరు పిలిచారు.

"నేనిక్కడే ఆడతానమ్మా. రోజూ నేను చెబుతాలే" అంది పక్కనే ఉన్న శైమా.

సోమవారం తీసుకొస్తాను. ఒక్క మాట. శైమా రావడం ఎప్పుడైనా ఆలస్యమైతే, దారిలో ఉందని ఎవరినీ చెప్పనివ్వకండి. వెంటనే నన్ను పిలవండి.

వాయిల్ వాళ్లమ్మ